కాఫీపొడి రంగు

మా కోడూరు వాళ్ళకు తెలిసిన మంచు రెండు రకాలే. ధనుర్మాసంలో తెల్లారేసరికి కరకట్టనూ కాలవనూ ఎదురొచ్చే ట్రాక్టరునూ కలిపి మింగేసేది ఒకటి. రొయ్యల పెట్టెల్లో పోసే ఐసుపొడి రెండోది. అందుకే మిన్నెసోటాలో ఉంటున్న మా మేనల్లుడు ఓ వీడియో పంపి "చూడు మావయ్యా" అన్నప్పుడు, మొదట అది బొమ్మల పోటీ అనుకున్నాను. గడ్డకట్టిన చెరువు మీద ఆరేడేళ్ళ బుడతలు, తలకు మించిన హెల్మెట్లు పెట్టుకుని, చక్రాల్లేని బుల్లి బళ్ళ మీద గిరగిరా తిరుగుతున్నారు. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా. పిల్లల స్నోమొబైల్ అంటారట. ఒక్కో బండీ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది.

ఆ వీడియో సెంటర్లో మా మెకానిక్ బాబాయికి చూపించాను. ఆయన బొమ్మ చూడలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ ఓసారి పెట్టించుకున్నాడు. "మూడోదానికి పెట్రోలు చాలట్లేదురా. గాలెక్కువైంది. ఇంకో నాలుగు రౌండ్లు తోలితే వేడెక్కుద్ది" అన్నాడు. బెజవాడ దాటి ఉత్తరానికి పోయింది తక్కువ. మంచు కురవడం సినిమాల్లోనే చూశాడు. అయినా ఆ మాట అన్నాడంటే, దాని వెనక ఓ వందేళ్ళ చరిత్ర ఉంది. అందులో సగం మంచు దేశాల్లో జరిగింది, మిగతా సగం మా షెడ్ల ముందు జరిగింది.

ఆ బండి పుట్టిన కథ మా దివిసీమ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కెనడాలో క్విబెక్ రాష్ట్రం, వాల్‌కూర్ అనే ఊరు. అక్కడి జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1922లో, పదిహేనేళ్ళ వయసులో, పాత ఫోర్డు కారు ఇంజనుకు ఫ్యాను రెక్క తగిలించి స్లెడ్జి బండిని వీధిలో నడిపాడు. ఇంట్లో తిట్లు పడ్డాయి. కుర్రవాడి సరదా అక్కడితో ఆగిపోయేదే. కానీ 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుకుకు కడుపులో జబ్బు ముదిరింది. దారులన్నీ మంచు కింద ఉన్నాయి. ఆసుపత్రికి చేర్చలేకపోయారు, పిల్లవాడు దక్కలేదు. ఆ తర్వాత ఆయన మంచు మీద పోయే బండి పనిలోనే మునిగిపోయాడు. 1959లో ఒక్కరిద్దరు ఎక్కే చిన్న బండి 'స్కీ-డూ' వచ్చింది. వంతెనలు లేని రోజుల్లో, కృష్ణకు వరదొస్తే రేవులో పడవ కట్టేసి ఉంటే, మంచంమీద మనిషిని పెట్టుకుని గట్టున కూర్చున్న కుటుంబాలు మావైపు ఎన్నో. పులిగడ్డ-పెనుమూడి వారధి 2006లో గానీ రాలేదు. ఆయన్ను మంచు ఆపింది, మమ్మల్ని నీళ్ళు ఆపాయి.

దారి కోసం పుట్టిన బండి మీద కుర్రకారు పందెం వేయకుండా ఉంటుందా? విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్‌లో 1964 నుంచే స్నోమొబైల్ పందేలు మొదలయ్యాయి. పెద్దవాళ్ళ పందెం చూసి పిల్లలు ఊరుకోరు. 1972లో ఆర్కిటిక్ క్యాట్ కంపెనీ 'కిట్టీ క్యాట్' అని 60 సీసీ టూ స్ట్రోక్ బండి తెచ్చింది. పక్కన పరుగెత్తే నాన్న అందుకోగలిగిన వేగం దానిది. సరిగ్గా ఆ 1972లోనే మన పుణెలో కైనెటిక్ ఇంజనీరింగ్ వాళ్ళు 50 సీసీ లూనా విడుదల చేశారు. అక్కడ పిల్లవాడి ఆటబండికి పెట్టిన ఇంజను కంటే చిన్నదాని మీద మా బందరు, గుడివాడ గుమాస్తాలు, టీచర్లు, పాల కేంద్రం వాళ్ళు భార్యనీ, బియ్యం బస్తానీ ఎక్కించుకుని ఎదురుగాలిలో తొక్కుకుంటూ సంసారాలు ఈదారు. 1980లో టీవీఎస్ 50 వచ్చాక తొక్కుడు బాధ కాస్త తగ్గింది.

టూ స్ట్రోక్ అంటే ఏమిటో తెలియని తరం ఒకటి వచ్చేసింది కాబట్టి ఓ మాట చెప్పాలి. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులోని బాత్ ఊళ్ళో జోసెఫ్ డే రూపం ఇచ్చిన ఇంజను అది. వాల్వులు లేవు, వాటిని నడిపే క్యామ్ లేదు. పిస్టనే పైకీ కిందికీ ఆడుతూ సిలిండరు గోడలోని రంధ్రాలను తెరుస్తుంది, మూస్తుంది. ఆయిలు కూడా పెట్రోలుతోనే తాగుతుంది. బంకులో లీటరుకు నలభై యాభై మిల్లీలీటర్ల టూ-టీ ఆయిలు చేతిపంపుతో కొట్టించుకోవడం గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కదిలే ముక్కలు తక్కువ కాబట్టి ఎవరైనా విప్పొచ్చు. బిగించడం మాత్రం అందరి వల్లా కాదు.

ఈ ఇంజను చరిత్రలో ఓ చిన్న ఊరి పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. జర్మనీలో సాక్సనీ ప్రాంతపు చోపావ్. అక్కడి డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ 1939లో తెచ్చిన ఆర్‌టీ 125 బండిని యుద్ధం తర్వాత సగం ప్రపంచం కాపీ కొట్టింది. యమహా వాళ్ళ మొట్టమొదటి మోటారు సైకిలు, 1955 నాటి వైఏ-1 కూడా దాని నమూనాయే. యుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీ తూర్పు జర్మనీ చేతికొచ్చి 'ఎంజెడ్' అయింది. డబ్బు లేదు, మంచి లోహం దొరకదు. ఉన్నదల్లా వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు. ఆయన సైలెన్సరు గొట్టం మీద కూర్చున్నాడు.

ఆయన చేసింది మా సముద్రం ఒడ్డు వాళ్ళకు ఆటుపోట్ల భాషలో చెబితే తేలిగ్గా ఎక్కుతుంది. ఎగ్జాస్టు రంధ్రం తెరుచుకోగానే పొగతోపాటు ఓ పీడన తరంగం గొట్టంలోకి దూకుతుంది. గొట్టం వెడల్పవుతున్న చోట అది పాటులా మారి సిలిండరులో మిగిలిన పొగను బయటికి ఈడ్చేస్తుంది. ఆ ఊపులో కొత్తగా వచ్చిన పెట్రోలు మిశ్రమం కూడా కొంత బయటికి జారిపోతుంది. గొట్టం మళ్ళీ ఇరుకయ్యే చోట తగిలిన తరంగం ఈసారి పోటులా తిరిగొచ్చి, రంధ్రం మూసుకునేలోపు, జారిపోయిన దాన్ని తిరిగి లోపలికి నెట్టేస్తుంది. గొట్టం పొడవూ, మూతి వెడల్పూ, ఇంజను వేగమూ మూడూ కుదిరినప్పుడే ఈ ఆట సాగుతుంది. 1961 నాటికి కాడెన్ 125 సీసీ ఇంజను నుంచి పాతిక గుర్రాల శక్తి లాగాడు. ఆ సంవత్సరమే ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో, ప్రపంచ ఛాంపియన్ కాబోతున్న ఎంజెడ్ రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్, స్వీడన్ పందెంలో ఇంజను పోగానే అటునుంచి అటే పశ్చిమానికి పారిపోయాడు. భార్యాపిల్లలను అంతకుముందే కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. ఆయన వెంట చోపావ్ విద్య జపాన్‌కు, సుజుకీ కంపెనీకి చేరింది. 1962లో 50 సీసీ ప్రపంచ కిరీటం సుజుకీ మీద డెగ్నర్‌కే వచ్చింది. కాడెన్‌కు మిగిలిందేమిటని నేనడగను. గొట్టం మాత్రం లోకమంతా పాకింది.

అది మా ఊరికి ఆర్‌ఎక్స్ 100 రూపంలో వచ్చింది. ఎస్కార్ట్స్ కంపెనీతో కలిసి యమహా దాన్ని 1985లో మన దేశంలో దింపింది. 98 సీసీ, పదకొండు గుర్రాలు. అప్పటిదాకా మా రోడ్ల మీద రాజు రాజ్‌దూత్. 1962 నుంచీ ఉంది, పోలెండు బండి నమూనా. గుంటలకు భయపడేది కాదు, తొందరపడేదీ కాదు. ఆర్‌ఎక్స్ వచ్చాక కరకట్ట మీద కుర్రాళ్ళ నడక మారిపోయింది. హంసలదీవి తిరునాళ్ళకు మాఘ పౌర్ణమినాడు పాలకాయతిప్ప ఒడ్డుకు పోతే, తడి ఇసుక గట్టిపడ్డ చోట ఎవడో ఒకడు గేరు వేసి చూపించేవాడు. అందులో నేనూ ఒకణ్ణి. ఆ పందేల్లో గెలుపు ఎవరిదో ఎవరికీ గుర్తుండేది కాదు. మర్నాడు షెడ్డు ముందు బండి ఆనించి ఉన్నవాడిది మాత్రం ఓటమి.

"ఏరా, రాత్రి సముద్రం దాకా తోలావా?" అనేవాడు బాబాయి. లేదని అబద్ధమాడితే సిలిండరు రెక్కల మీద వేలు రాసి నాలికకు ఆనించుకునేవాడు. "మరి ఈ ఉప్పు మీ పెరట్లోదా?"

అందరూ చేసే పిచ్చి పని ఒకటుండేది. సైలెన్సరు చివర లోపలి గొట్టం పీకేసేవాళ్ళు. చప్పుడు ఆకాశానికి తగిలేది, బండి మాత్రం మునుపటి కంటే నెమ్మది. కాడెన్ లెక్క మాకెవరికీ తెలియదు. పోటును తెగ్గొట్టి వేగం రావాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? బాబాయికీ కాడెన్ పేరు తెలియదు. "ఆ గొట్టం ఊరికే పెట్టలేదురా కంపెనీవాడు" అని మాత్రం అనేవాడు. ఏడాదికోసారి సైలెన్సరు విప్పించి, నిప్పులో కాల్చి, పేరుకున్న మసి దులిపించేవాడు. మా బళ్ళకు ఆయన చేసిన అసలు ట్యూనింగు అదేనని ఇప్పుడనిపిస్తుంది.

ఆయన చదువంతా ప్లగ్గులో ఉండేది. బండి గట్టిగా తోలి, ఇంజను ఆపేసి, వేడి మీదే ప్లగ్గు విప్పాలి. మొన నల్లగా తడిగా ఉంటే పెట్రోలెక్కువ, పికప్పు మందం. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, వేడికి పిస్టన్ పట్టేస్తుంది. కాఫీపొడి రంగు రావాలి. దాన్ని బట్టి కార్బొరేటరులో మెయిన్ జెట్టు మార్చేవాడు. జెట్టంటే ఇత్తడి మేకు లాంటిది, మధ్యలో సూది దూరేంత బెజ్జం. ఆయన దగ్గర ఓ పాత బిస్కెట్ల డబ్బాలో నంబర్ల వారీగా ఉండేవి. జెట్టు మూసుకుపోతే వైరు పెట్టి గెలికే మెకానిక్కులంటే ఆయనకు మంట. బెజ్జం వెంట్రుకవాసి పెరిగినా లెక్క తప్పుతుంది. నోటితో ఊదేవాడు, లేదంటే పంక్చరు షాపు గాలి కొట్టించేవాడు.

ఇక్కడే మంచుచెరువుకీ మా ఊరికీ చుట్టరికం. ఇంజను తాగేది పెట్రోలని అనుకుంటాం గానీ, అది మింగేది ముఖ్యంగా గాలి. మా వైశాఖంలో 35 డిగ్రీలు, మిన్నెసోటా జనవరిలో సున్నాకు కింద 20. రెండు చోట్లా అదే సిలిండరు పెట్టండి. అక్కడి చలిగాలి మా గాలి కంటే దాదాపు అయిదో వంతు చిక్కన. అంతమేరకు పెట్రోలూ ఎక్కువ పోయాలి, అంటే పెద్ద జెట్టు కావాలి. పైగా సముద్రం ఒడ్డు ఉక్కలో మేం పీల్చే గాలిలో నూటికి నాలుగు పాళ్ళ దాకా నీటి ఆవిరే ఉంటుంది. ఇంజనుకు అది పనికిరాదు. అందుకే ఇక్కడ చిన్న జెట్టు చాలు. అక్కడ ఒక్కరోజులోనే పది డిగ్రీలు పడిపోతే, నిన్న కాఫీపొడి రంగున్న ప్లగ్గు ఇవాళ తెల్లబోతుంది. బాబాయి చెవికి అందింది ఆ తేడానే.

ఇప్పుడా పిల్లల బళ్ళు చాలావరకు 120 సీసీ ఫోర్ స్ట్రోక్‌లు. కంపెనీ నుంచి గవర్నరు బిగించి వస్తాయి, గంటకు పదహారు కిలోమీటర్ల దగ్గర పట్టి ఆపుతుంది. పందెంలో పై తరగతికి పోవాలంటే నాన్నలు చేసే మొదటి పని దాన్ని తీసేయడం. అది తీస్తే కనెక్టింగ్ రాడ్డూ, వాల్వు స్ప్రింగులూ, ఫ్లైవీలూ ఆ వేగానికి చేసినవి కావు, వాటినీ గట్టివాటితో మార్చాలి. లేకపోతే రాడ్డు కేసు పగలగొట్టుకుని బయటికొస్తుంది. క్లచ్చు ఏ వేగం దగ్గర పట్టుకోవాలో స్ప్రింగులతో సరిచేస్తారు. పట్టా బిగువైతే ఇంజను శక్తి తింటుంది, వదులైతే పళ్ళు దాటేస్తుంది. పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలకు మంచే కందెన, వట్టి ఐసు మీద ఎక్కువసేపు తిప్పితే కాలి కరుగుతాయి. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం పిల్లవాడి కోటుకు కట్టే తాడు. పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. మా ఆర్‌ఎక్స్‌లకు అలాంటిది ఉంటే కొందరు స్నేహితులతో ఇప్పుడు కూర్చుని కాఫీ తాగేవాణ్ణి.

మంచుకు లేనిదీ, మాకున్నదీ ఉప్పు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా దగ్గర మనుషుల లెక్కే చెప్పుకుంటారు. అధికారిక సంఖ్యే పదివేల దగ్గరుంది, యంత్రాల మాట ఎవరెత్తుతారు? కానీ ఆ తర్వాత నెలల్లో పొలాల్లో ఆయిలింజన్లూ, అక్కడక్కడా రాజ్‌దూత్‌లూ ఉప్పు బురదలోంచి లేపారు. బాబాయికి పని నేర్పిన పెద్దాయన అప్పుడు చేసిన వైద్యం విచిత్రంగా ఉంటుంది. నీళ్ళలో మునిగిన ఇంజనుకు ముందు మళ్ళీ నీళ్ళే, మంచినీళ్ళు. ఉప్పు కడిగిపోవాలి. తర్వాత ప్లగ్గు విప్పి, తలకిందులు చేసి, కిరసనాయిలు పోసి చేత్తో తిప్పాలి. ఆ తర్వాత ఆయిలు. ఆరబెట్టి తర్వాత చూద్దామని వదిలేసిన వాళ్ళ ఇంజన్లలో బేరింగులు వారానికే ఎర్రబారి పట్టేశాయట. తాగడానికే మంచినీళ్ళు లేని రోజుల్లో ఇంజను కడగడానికి బిందె అడిగితే తిట్టారని ఆయన చెప్పుకునేవాడట.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. కాల్చని పెట్రోలు పొగలోకి వదిలే టూ స్ట్రోక్‌లు 2000 నాటి కాలుష్య నిబంధనల తర్వాత ఒక్కోటే తెరమరుగయ్యాయి. మా చేపల పెట్టెల వాహనం టీవీఎస్ ఎక్సెల్ కూడా ఫోర్ స్ట్రోక్ అయింది. 1968 నుంచీ స్నోమొబైళ్ళు చేసిన యమహా, 2025 సీజనుతో ఆ పనికి సెలవు పెట్టింది. మా రోడ్ల మీది కొత్త బళ్ళలో జెట్టు లేదు. ఎంత పెట్రోలు కావాలో గాలి చూసి కంప్యూటరే చిమ్ముతుంది. బాబాయి డబ్బా అల్మారా పైకెక్కింది. పాత ఆర్‌ఎక్స్ కొని లక్షలు పోసి మెరిపించే కుర్రాళ్ళు గుడివాడ నుంచి వచ్చినప్పుడు కిందికి దిగుతుంది.

ఆ మూడో బండి ప్లగ్గు ఫోటో తీసి పంపమన్నాడు బాబాయి. మేనల్లుడికి ఫోను చేశాను. వాడు నవ్వాడు. ఆ పిల్లాడెవరో తనకు తెలియదట, ఊరికే చూడ్డానికి పోయాడట. పైగా అప్పటికి ఏప్రిల్ వచ్చేసింది, చెరువు కరిగిపోయింది, బళ్ళన్నీ షెడ్లకెక్కాయి.

"అయితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు పారబోసి పెట్టమను," అన్నాడు బాబాయి ఎక్సెల్ కిందినుంచి. "ఎవరి బండైతేనేం. వచ్చే చలికాలానికి జిగురు కట్టుద్ది."