పెరట్లో పొయ్యి ఎవరు పెట్టుకోవచ్చు?

ఎండాకాలం వచ్చిందంటే డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ మనోళ్ల ఫొటోలు మొదలవుతాయి. పెరట్లో పచ్చగడ్డి, కొత్తగా కొన్న నల్లటి గ్రిల్లు, పక్కన గిన్నె నిండా మసాలా పట్టించిన కోడికాళ్లు. గరాజ్‌లో ఇంకో ఫ్రీజరు, అందులో నెలకు సరిపడా మేకమాంసం. మన వాడల నుంచి వెళ్లిన పిల్లలు కూడా ఆ ఫొటోల్లో ఉన్నారు. సంతోషం, కడుపునిండా తినండి. మొన్న ఒక ఫొటో చూసి మా విద్యార్థి ఒకడు అడిగాడు: "సార్, కాల్చుకుని తినడానికి కూడా చరిత్ర ఉంటుందా?" ఉంటుంది తమ్ముడూ. పొయ్యికి ఉంటుంది. పొయ్యి కింద నేలకు ఇంకా ఎక్కువ ఉంటుంది.

బార్బెక్యూ అనే మాట తెల్లవాళ్లది కాదు. కరీబియన్ దీవుల్లోని టైనో ఆదివాసులు కర్రలతో మంచెలాంటిది కట్టి, కింద సన్నని మంట పెట్టి, పైన చేపనూ మాంసాన్నీ ఆరబెట్టేవాళ్లు. స్పెయిన్ వాళ్లు ఆ మంచె పేరును బార్బకోవా అని రాసుకున్నారు. ఆ తర్వాత దీవులూ పోయాయి, మనుషులూ చాలావరకు పోయారు. పేరు మిగిలింది.

అమెరికా దక్షిణాది తోటల్లో ఆ పని ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల మీద పడింది. పని అని ఎందుకంటున్నానంటే, అది సాయంత్రం సరదా కాదు. నేలలో పొడవాటి గుంత తవ్వాలి. కట్టెలు కొట్టాలి. వాటిని విడిగా కాల్చి నిప్పులు చేసి, పారలతో గుంతలోకి ఎత్తిపోయాలి. పైన పచ్చికర్రలు అడ్డంగా పరిచి పందిని మొత్తంగా పడుకోబెట్టాలి. మంట లేస్తే మాంసం మాడుతుంది, నిప్పు చల్లబడితే ఉడకదు. అందుకని రాత్రంతా మేలుకోవాలి. 1936-38 మధ్య అమెరికా ప్రభుత్వం ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్ల దగ్గరికి మనుషులను పంపి, రెండువేలకు పైగా జ్ఞాపకాలను రాయించింది. అందులో సౌత్ కరోలినాకు చెందిన వెస్లీ జోన్స్ అనే పెద్దాయన ఈ రాత్రి కాపలా గురించే చెప్పాడు. వెనిగరు, మిరియాలు, ఉప్పు, వెన్న కలిపిన పులుసును మాంసానికి పూస్తూ తెల్లవార్లూ కూర్చునేవాళ్లట. ఇవాళ సూపర్‌మార్కెట్ సీసాల్లో అమ్మే సాస్‌కు తాతముత్తాతలు ఆ గుంతల పక్కనే ఉన్నారు. సీసా మీద వాళ్ల పేరు వెతక్కండి, దొరకదు.

1865 జూన్ 19న టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసల విడుదల ఉత్తర్వు చదివారు. మరుసటి ఏడాది నుంచి నల్లవాళ్లు ఆ రోజును పండుగ చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ పండుగలో నడిమధ్య ఉండేది ఈ కాల్చిన మాంసమే. ఇన్నాళ్లూ దొర అతిథుల కోసం తవ్విన గుంతను మొదటిసారి తమ పిల్లల కోసం తవ్వుకున్నారు. కానీ ఎక్కడ తవ్వాలి? ఊళ్లో పార్కులు వాళ్లకు లేవు. హ్యూస్టన్‌లో జాక్ యేట్స్ అనే పాస్టరు, ఆయన తోటివాళ్లు చందాలు పోగుచేసి 1872లో 10 ఎకరాలు కొన్నారు. దానికి విమోచన ఉద్యానం అని పేరు పెట్టుకున్నారు, ఇప్పటికీ ఉంది. బానిసత్వం నుంచి బయటపడి ఏడేళ్లు, చేతిలో చిల్లిగవ్వ లేని మనుషులు, ముందు ఒక పొయ్యి పెట్టుకునే జాగా కొనుక్కున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. చావడి కోసం, స్మశానం కోసం, అంబేడ్కర్ విగ్రహానికి నాలుగు గజాల కోసం కొట్లాడిన వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ఫొటోల్లో కనిపించే గ్రిల్లు సంగతి. ఫోర్డు కార్ల కంపెనీ 1920లలో మిగిలిన చెక్కపొట్టును బొగ్గుబిళ్లలుగా చేసి అమ్మడం మొదలుపెట్టింది. 1952లో షికాగోలోని వెబర్ బ్రదర్స్ లోహపు పనుల కంపెనీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీళ్లమీద తేలే బోయాలు చేసే గుండ్రటి రేకును రెండు ముక్కలు చేసి, కాళ్లు పెట్టి, మూత పెట్టాడు. అదే కుండలాంటి గ్రిల్లు. గుంతా లేదు, రాత్రి కాపలా లేదు. ఇంట్లో పొయ్యి ఆడవాళ్ల నెత్తినే ఉంచి, పెరట్లో పొయ్యికి మాత్రం మగవాడు ఏప్రన్ కట్టుకున్నాడు. అది ఇంకో వ్యాసం.

కానీ గ్రిల్లు కొనాలంటే పెరడు ఉండాలి కదా. ఆ పెరళ్లు ఎక్కడివి? రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వం హామీ ఉన్న అప్పులతో శివార్లలో కట్టిన ఇళ్లవి. వాటిలో పేరుమోసింది న్యూయార్క్ దగ్గరి లెవిట్‌టౌన్, 1947లో మొదలై 17 వేలకు పైగా ఇళ్లయింది. దాని అద్దె ఒప్పందంలోనే తెల్లజాతి వాళ్లు తప్ప వేరెవరూ ఉండకూడదని రాసుకున్నారు. పక్కనే ఒక మినహాయింపు కూడా రాశారు: ఇంట్లో పనివాళ్లుగా అయితే ఉండవచ్చు! ఆ ఒక్క వాక్యం కోసమే ఈ వ్యాసం రాస్తున్నానంటే అతిశయోక్తి కాదు. అంట్లు తోమొచ్చు, కాపురం ఉండకూడదు. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బిల్డరు నల్లవాళ్లకు ఇల్లు అమ్మలేదు. 1957లో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో మైయర్స్ అనే నల్ల కుటుంబం పాత యజమాని దగ్గర ఇల్లు కొనుక్కుని దిగితే గుంపులు వచ్చి రాళ్లు వేశాయి.

హోటళ్లలో ఏం జరిగిందో చూడండి. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఆలీస్ బార్బెక్యూ అని ఒక కుటుంబ హోటలు, 1927లో పెట్టింది. 220 మంది కూర్చునే చోటు. 36 మంది పనివాళ్లు, వాళ్లలో మూడింట రెండు వంతులు నల్లవాళ్లు. నల్లవాళ్లు వచ్చి కూర్చుని తినడానికి మాత్రం లేదు. పొట్లం కట్టించుకుని పోవాలి. 1964 జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. అది మాకు వర్తించదని యజమాని కోర్టుకెక్కాడు.

విద్యార్థులు ఈ కేసును జాగ్రత్తగా చదవాలి. ప్రైవేటు యజమాని చూపే వివక్షను సమానత్వపు సవరణ కింద ఆపలేమని అమెరికా సుప్రీంకోర్టు 1883లోనే చెప్పి కూర్చుంది. కాబట్టి ప్రభుత్వం ఇంకో దారి పట్టింది: రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే అధికారం. అంటే ఆ హోటలు మాంసం ఎక్కణ్ణుంచి తెచ్చి నిల్వ పెడుతోందో చూడాలి. లెక్క తీశారు. ఏడాదిలో కొన్న ఆహార సరుకు దాదాపు లక్షా యాభై వేల డాలర్లు. అందులో 69,683 డాలర్ల మాంసం, 46 శాతం, బయటి రాష్ట్రం నుంచి వచ్చింది. 1964 డిసెంబర్ 14న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా చట్టం వర్తిస్తుందన్నారు. నల్లమనిషి ఆ బల్ల దగ్గర కూర్చోగలిగింది మనిషైనందుకు కాదు, బల్లమీది మాంసం రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చినందుకు! జడ్జీల్లో డగ్లస్, గోల్డ్‌బర్గ్ ఇద్దరూ సమానత్వపు సవరణ పునాది కూడా ఉండాలని విడిగా రాశారు. గోల్డ్‌బర్గ్ అయితే అసలు విషయం మనిషి గౌరవమేనన్నాడు. పనికొచ్చిన తీర్పే, కాదనను. కానీ మనిషి గౌరవాన్ని మాంసం బిల్లుతో నిరూపించుకోవాల్సి రావడం గుర్తుంచుకోవాల్సిన సంగతి.

కులమూ జాతీ ఒకటేనని మన మీటింగుల్లో తేలిగ్గా అనేస్తుంటాం. ఇక్కడ తేడా చూడండి. అక్కడ నల్లచేయి వండింది తిన్నారు, పక్కన కూర్చోనివ్వలేదు. ఇక్కడ మన చేయి తగిలితే అన్నమే మైల. మధ్యాహ్న భోజనం దళిత ఆయా వండిందని పిల్లలను బడి మాన్పించిన ఊళ్లు ఈ దేశంలో ఉన్నాయి. చట్టం విషయంలో మాత్రం మనం ముందున్నాం. అంబేడ్కర్ అధ్యక్షతన రాసిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు అని పేరుపెట్టి మరీ చెప్పింది. మాంసం లెక్కలు అక్కర్లేదు.

హోటలు సరే, ఇల్లు? అక్కడ 15వ అధికరణం గడప దాటి లోపలికి రాదు. 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో, తమ మతం వాళ్లకే సభ్యత్వమన్న నిబంధనను మన సుప్రీంకోర్టు నిలబెట్టింది. అమెరికా కోర్టు 1948లో మూసిన తలుపును మన కోర్టు తెరిచి పెట్టింది. టు-లెట్ బోర్డు మీద "వెజిటేరియన్లకు మాత్రమే" అని రాసేవాడికి కులం పేరు రాయాల్సిన అవసరమే లేదు. వంటింటి వాసన అడిగితే చాలు, కులం దానంతటదే తెలుస్తుంది.

అందుకే ఫ్రీజరు ఫొటో చూసినప్పుడు నాకు దండెం గుర్తొస్తుంది. మన వాడల్లో మాంసం నిల్వ అంటే ఎండబెట్టడమే. పోగులేసి పంచుకున్న పెద్దకూరను సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద బట్టల్లా ఆరేసేవాళ్లు. బాగా ఎండిన తునకలు నెలల తరబడి ఉండేవి. వానాకాలం పనుల్లేని రోజుల్లో నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి దంచుకుంటేనో, చింతపులుసులో వేసుకుంటేనో గటకలోకి సరిపోయేది. కరెంటు లేదు, ఖర్చు లేదు. టైనోల మంచె చేసిన పనే మన దండెం చేసింది. కావాల్సిందల్లా ఎండ తగిలే జాగా, కాకుల కోసం కర్ర పట్టుకుని కూర్చునే ముసలమ్మ, చూసి ముక్కు మూసుకోని పొరుగు. పట్నంలో అద్దె గదిలోకి వచ్చాక మొదట మాయమైంది ఆ దండెమే. డాబా ఉన్నా ఎండేయలేం, ఇంటి ఓనరు పైకొస్తాడు.

2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో, మెరిట్ సరస్సు పక్కన ఇద్దరు నల్లవాళ్లు గ్రిల్లు పెట్టుకుంటే, ఇక్కడ బొగ్గులు వాడకూడదని ఒక తెల్లామె పోలీసులకు ఫోన్ చేసింది. అరెస్టులేమీ జరగలేదు. మే నెలలో ఊరిజనం అదే చోటికి పెద్ద ఎత్తున గ్రిల్లులు మోసుకొచ్చి, పగలంతా కాల్చి, తిని, పాడి, ఆడి వెళ్లారు. ఉపన్యాసాలకంటే పొగే ఎక్కువ. మన యూనివర్సిటీల్లో 2012లో ఉస్మానియా పిల్లలు బీఫ్ పండుగ చేసింది కూడా ఇదే వరసలోది. ఆ రోజు ఏం జరిగిందో వచ్చే భాగంలో రాస్తాను. ఈలోగా మీ నాయనమ్మలను, అమ్మమ్మలను అడగండి: తునకలు ఎక్కడ ఎండేసేవాళ్లు, ఆ జాగా ఎవరి పేరున ఉండేది, ఇప్పుడు అక్కడ ఏముంది. కింద రాయండి, ఊరి పేరుతో సహా.

జై భీమ్.