పూడిన మొగ, పాడుపడ్డ ఊరు: గంజాం తీరంలో క్షీణతను చెప్పే మాటలు

తెలుగులో క్షీణతను చెప్పే క్రియలకు కొదవ లేదు. అయితే ఒకదాని చోట ఇంకొకటి ఇమడదు. చెరువు అడుగంటుతుంది, నమ్మకం సన్నగిల్లుతుంది, గేదె వట్టిపోతుంది, కుటుంబం చితికిపోతుంది, సంత బోసిపోతుంది, ఊరు పాడుపడుతుంది. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. అన్నీ అకర్మక క్రియలే కాబట్టి పని దానంతటదే జరిగిపోయినట్టు చెబుతాయి, చేసినవాడి పేరు వాక్యంలో ఉండనక్కర్లేదు. మామూలు మాటల్లో ఇది సదుపాయమే గానీ చరిత్ర రాసేవాళ్లకు చిక్కు తెచ్చిపెడుతుంది. రెండు వందల ఏళ్లలో ఒక్కో రేవూ ఒక్కో కారణంతో దెబ్బతిన్న గంజాం తీరాన్ని చూస్తే ఆ చిక్కు తెలుస్తుంది.

బరంపురానికి దక్షిణాన, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో, బాహుదా నది సముద్రంలో కలిసేచోట సోనేపూర్ ఉంది. పశ్చిమ ఒడిశాలో మహానది ఒడ్డునున్న సోనేపూర్ వేరు. ఇది తెలుగు మాట్లాడే మత్స్యకారుల తీరం, వాళ్లను ఒడియాలో నోలియాలంటారు. ఒకప్పుడు ఇక్కడి రేవులో సరుకు ఎగుమతి, దిగుమతి జరిగేది. ఈ తీరంలోని చాలా రేవుల్లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసుకునేది. మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టి చేసిన మసూలా పడవలే కెరటాలు దాటి సరుకు చేరవేసేవి.

నది సముద్రంలో కలిసే చోటును కోస్తాలో మొగ అంటారు. నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఇసుకను ఒడ్డు వెంబడి ఈశాన్యానికి నెడతాయి. నదిలో నీటి ఉరవడి తగ్గిన నెలల్లో ఆ ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. మళ్లీ వరద వచ్చి మేటను తెంపుతుంది. అందుకే ‘మొగ పూడుకుపోయింది’ అన్న మాటలో దాపరికం లేదు, అక్కడ కర్త నిజంగా ప్రకృతే. అది ఏటా జరిగేదే, తిరిగి తెరుచుకునేదే. కానీ సోనేపూర్ రేవు ప్రాభవం పోవడానికి అదొక్కటే కారణం చూపితే కథ సగమే అవుతుంది. మొగ పూడటం ఋతువు పని. సరుకు బరంపురానికి పదహారు కిలోమీటర్ల దూరంలోనే ఉన్న గోపాలపురానికి మళ్లడం వర్తకుల పని.

ఋషికుల్య ముఖద్వారాన ఉన్న గంజాం పట్టణానిది వేరే కథ. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ ఇక్కడ ఈస్టిండియా కంపెనీ తొలి రెసిడెంటుగా కుదురుకున్నాడు. తర్వాత జిల్లాకే ఆ ఊరి పేరు వచ్చింది. 1815లో విషజ్వరాలు ప్రబలడంతో కార్యాలయాలు తరలిపోయాయి, క్రమంగా బరంపురం పెద్ద పట్టణమైంది. ఇక్కడ రెండు మాటలు ఎదురెదురుగా నిలుస్తాయి. జ్వరాలు ‘తగ్గుముఖం పట్టాయి’, ఊరు ‘పాడుపడింది’. తగ్గుముఖం కూడా క్షీణతే. కానీ రోగానికీ వరదకూ ధరలకూ వాడినప్పుడు అది శుభవార్త. పాడుపడటమంటే మనుషులు వదిలి వెళ్లడం, గోడలు కూలడం దాని తర్వాతి సంగతి. అలా వదిలేసిన ఊరి నేలను తెలుగు పల్లెల్లో పాటి అంటారు, పాటిదిబ్బ మన్నును పొలాలకు ఎరువుగా తోలుకుంటారు. అయితే గంజాం పూర్తిగా పాటి కాలేదు. ఆ పట్టణం ఇప్పటికీ ఉంది, పోయింది దాని హోదా.

గోపాలపురం విషయంలో పత్రికలకు ఇష్టమైన మాట ‘వెలవెలబోయింది’. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి నుంచి ధాన్యం, నూనెగింజలు, తోళ్లు ఓడలకెక్కాయి. వాటికంటే ఎక్కువగా గుర్తున్నది రంగూన్ ప్రయాణం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలీలు ఈ తీరంలోని రేవుల్లో స్టీమరెక్కి బర్మా మిల్లులకూ ఓడరేవులకూ వెళ్లేవారు. అక్కడ వాళ్లను కోరంగీలనేవారు. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలుమార్గం పడటంతో తీరం వెంబడి సరుకు పట్టాల మీదికి మళ్లింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది, 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకున్నాయి. ఇన్ని జరిగాక ‘రేవు మూతపడింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే రైలు, అల్లర్లు, యుద్ధం మూడూ ఆ క్రియ చాటుకు పోతాయి.

కాలానికి తగిలించిన క్షీణత ఇంకా మొండిది. తెలుగు సాహిత్య చరిత్రకారులు సుమారు 1775 నుంచి 1875 దాకా క్షీణయుగమని పేరు పెట్టారు. ప్రబంధాల కొలత ప్రకారం అది సబబే కావచ్చు. కానీ త్యాగరాజు (1767–1847) కృతులు ఆ నూరేళ్లలోనివే. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించింది 1829లో, నిఘంటువు తెచ్చింది 1852లో. క్షీణించింది రాజాస్థాన పోషణ. ఆ పేరు మాత్రం భాష మొత్తం మీద పడింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా చీలింది. బరంపురం, సోనేపూర్ అటు వెళ్లాయి, ఇచ్ఛాపురం మద్రాసులో మిగిలింది. బాహుదా రెండు రాష్ట్రాల్లోనూ పారే నదైంది. పర్లాకిమిడి ఒడిశాలో చేరడం నచ్చక గిడుగు రామమూర్తి ఆ ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటినుంచి ఈ ప్రాంతపు తెలుగు గురించి ఆంధ్రలో ఎక్కువగా వినిపించే మాట ‘కనుమరుగు’. అది చూసేవాడి వైపు నుంచి పుట్టిన మాట. దూరం జరిగినదీ కనుమరుగే, నశించినదీ కనుమరుగే. బరంపురం వీధుల్లోనూ సోనేపూర్ ఒడ్డునా తెలుగు నేటికీ ఇంటిభాషే. తగ్గింది బడిలో, కచేరీలో దాని చోటు. దానికి ‘కుంచించుకుపోయింది’ అన్న మాట మరింత సరిపోతుంది.

కోలుకోవడానికి ఉన్న మాటలు తక్కువేమీ కాదు. తేరుకొను, పుంజుకొను, నిలదొక్కుకొను వంటివి ఉన్నాయి. గోపాలపురం రేవు 1980ల్లో మళ్లీ తెరుచుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను అక్కడే తీరం దాటి రేవును దెబ్బతీసింది, దాన్నుంచీ తేరుకుంది. మత్స్యకారుల పలుకుబడి ఇంకాస్త పొదుపైనది. ‘వేట లేదు’ అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల మర పడవల నిషేధం కావచ్చు, సముద్రం పోటెత్తి ఉండొచ్చు, వలకు చేప తగలకపోవచ్చు. మొదటిది ప్రభుత్వ ఉత్తర్వు, రెండోది వాతావరణం. మూడోదాని వెనక ట్రాలర్లు, సన్న కన్నుల వలలు, సముద్రపు మార్పులు కలిసి ఉంటాయి. ఏది అన్నదీ వినేవాడు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు. లెక్కలు రాసేవాడు మాత్రం అడిగి తెలుసుకోవాలి.