రక్తపటలం మందం

కంటిలో నేత్రపటలానికీ తెల్లని దృఢస్తరానికీ నడుమ, రక్తనాళాలతో అల్లుకున్న పొర రక్తపటలం. వైద్యులు కోరాయిడ్ అంటారు. టార్చి వెలుగుతో చేసే పరీక్షకు దీని మందం చిక్కదు. కంటి పొరలను చిత్రించే, 1991లో వచ్చిన ఓసీటీ స్కాన్‌కు 2008లో లోతు చిత్రణ పద్ధతి తోడయ్యాకే కొలత సులువైంది.

ఆరోగ్యవంతులైన పెద్దల్లో చూపుకేంద్రం కింద ఇది సుమారు 250–300 మైక్రాన్లు. వయసు పైబడినా, హ్రస్వదృష్టితో కనుగుడ్డు పొడవు పెరిగినా పలచబడుతుంది. ఒకే మనిషిలోనూ రాత్రి మందంగా, పగలు పలచగా ఉంటుంది. కాఫీ తాగినా కాసేపు తగ్గుతుంది. కొలిచిన వేళ రాయని అంకెను పోలికకు వాడడం తప్పు. నేత్రపటలం కింద నీరు చేరే సెంట్రల్ సీరస్ జబ్బులో మాత్రం ఈ పొర ఉబ్బుతుంది.

భారతీయుల కళ్లలో ఈ కొలతలపై హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ పరిశోధనలు చేసింది.