జానెడు కడ్డీ

2025 ఆగస్టు. కెనడాలోని వినిపెగ్. ప్రపంచ యూత్ ఆర్చరీ చాంపియన్‌షిప్‌లో అండర్-21 అమ్మాయిల కాంపౌండ్ ఫైనల్. ఇటు తానిపర్తి చికిత, అటు కొరియా అమ్మాయి పార్క్ యేరిన్. చికితది పెద్దపల్లి జిల్లా సుల్తాన్‌పూర్. జిల్లాలు విడిపోయి ఏళ్లయినా పాతవాళ్ల నోట అది ఇంకా కరీంనగరే.

చెరి 15 బాణాలు. లక్ష్యం 50 మీటర్ల దూరంలో. నడుమనున్న పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు. టీ గ్లాసు మూతికన్నా కాస్త పెద్దది, అంతే. విల్లు లేచింది. నారి వెనక్కి వచ్చి చెంప దగ్గర ఆగింది.

కథను ఇక్కడే కాసేపు ఆపుతాను. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అమ్మాయి, విల్లు, బాణం కనిపిస్తాయి. నేను చూపించాలనుకున్నది పిడికి కాస్త పైన, వెనక్కి పొడుచుకొచ్చిన జానెడు కడ్డీ. దాని పేరు కేబుల్ గార్డ్.

కాంపౌండ్ వింటికి రెండు కొసల్లోనూ క్యాములుంటాయి. గుండ్రంగా కాక ఒకవైపు సాగిన చక్రాలవి. నారి కాక వాటిని కలుపుతూ కేబుళ్లు. అమెరికాలో మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1969లో పేటెంటు పొందిన ఉపాయం ఇది. మొదట్లో భుజాలు పీకేసే బరువు, పూర్తిగా లాగేసరికి ముప్పావువంతు దాకా దిగిపోతుంది. అందుకే అంతసేపు గురిచూస్తూ నిలబడగలరు. చిక్కల్లా ఆ కేబుళ్లు సరిగ్గా బాణం వెళ్లే దారికే అడ్డం రావడం. అలాగే వదిలేస్తే ఈకలు వాటిని రాసుకుంటాయి. అందుకని ఈ కడ్డీ వాటిని పక్కకు లాగి పట్టుకుంటుంది.

ఆదిలాబాద్ అడవుల్లో గోండులు పట్టిన వెదురు వింటికి ఈ బాధ లేదు. ఉన్నది ఒకటే నారి. అక్కడ బాణానికి అడ్డొచ్చేది విల్లే. పుల్ల కాస్త వంగి, కర్రను తప్పించుకుని, గాలిలో సర్దుకుంటుంది. కాంపౌండ్‌లో వింటి నడుమను లోపలికి చెక్కేసి ఆ అడ్డు తీసేశారు. తీసిన చోటికే కేబుళ్లొచ్చి కూర్చున్నాయి.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అంత ఘోరం కాదుగాని, ఆ దారే. పక్కకు లాగిన కేబుల్ ఊరుకోదు. మధ్యకు రావాలని కడ్డీని తోస్తుంది. కడ్డీ వింటిని మెలితిప్పుతుంది. క్యాములూ ఓ పక్కకు ఒరుగుతాయి. తమాషా ఏమిటంటే, పూర్తిగా లాగాక వేళ్లకు నారి తేలికైన క్షణంలోనే కేబుళ్లు బాగా బిగిసి ఉంటాయి. చెయ్యి కుదురుకుందని మనం అనుకునేటప్పుడే విల్లు పక్కకు తిరగాలని చూస్తుంది. 70 సెంటీమీటర్ల బాణం మొన అర మిల్లీమీటరు పక్కకు చూస్తే, 50 మీటర్ల దగ్గర అది మూడున్నర సెంటీమీటర్లవుతుంది. పది వలయానికి మధ్య నుంచి అంచు దాకా ఉన్నదే నాలుగు.

ఈ రోగం పట్టుకోవడానికి కాగితం చాలు. చట్రానికి పాత న్యూస్‌పేపరు బిగించి, రెండు మూడు మీటర్ల నుంచి బాణం వేస్తారు. మొన చేసిన రంధ్రం చుట్టూనే మూడు ఈకల చీలికలుంటే బాణం తిన్నగా పోతున్నట్టు. మొన ఒకచోట, ఈకలు దానికి బొటనవేలంత పక్కన చీల్చుకుపోతే తోక ఊపుకుంటూ పోతున్నట్టు. కారణాలు ఇంకా ఉండొచ్చు, కడ్డీ మాత్రం అనుమానితుల్లో ఉంటుంది. క్యాము దగ్గర రెండు పాయలుగా చీలిన కేబుల్ ఉంటే, ఒక పాయకు అర మెలిక వేస్తారు, ఇంకోదానికి అర మెలిక తీస్తారు. మళ్లీ కాగితం. మళ్లీ మెలిక. పొద్దంతా ఇదే పని.

పాత కడ్డీల మీద ప్లాస్టిక్ స్లైడ్ జారేది, అరిగేది, కిర్రుమనేది. రోలర్లు వచ్చాక రాపిడి తగ్గింది, పక్కలాగుడు మాత్రం అలాగే ఉంది. తర్వాత వంగే గార్డులొచ్చాయి. లాగేకొద్దీ ఇవి లోపలికి ఒదిగి మెలిపెట్టే బలాన్ని తగ్గిస్తాయి, వదలగానే బయటికి జరిగి ఈకలకు దారిస్తాయి. నా ఓటు వీటికే. కాకపోతే ప్రకటనల్లో చెప్పినంత మాయ లేదు. ఈకలు తగలకుండా ఎంత అవసరమో అంతే కడ్డీని బయటికి తిప్పడం పైసా ఖర్చులేని పని. విల్లుకు లక్షలు పెట్టేవాళ్లు కూడా దీన్ని మర్చిపోతారు.

సరే, వినిపెగ్‌కు పోదాం. నారిని పట్టి వదిలే రిలీజ్ టక్కుమంది. అర సెకను దాటిందో లేదో, టార్గెట్‌లో దిగిన చప్పుడు. అలా 15 సార్లు. చివరికి బోర్డు మీద చికిత 142, పార్క్ యేరిన్ 136. ప్రపంచ యూత్ చాంపియన్ సుల్తాన్‌పూర్ పిల్ల.