సింహాల ‘ప్రైడ్’ ఎక్కడిది?

ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకి గ్రామర్ పుస్తకంలో ఆ పేజీ గుర్తుండే ఉంటుంది. సింహాలైతే ‘ప్రైడ్’, చేపలైతే ‘స్కూల్’, పెద్దబాతులైతే ‘గ్యాగిల్’. వరసపెట్టి బట్టీ కొట్టి, పరీక్షలో ఖాళీలు పూరించి మర్చిపోతాం. కానీ వీటిలో చాలా పేర్లు వ్యాకరణం కోసం పుట్టినవి కావు. వేటలో పుట్టాయి.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక విశాలమైన అడవుల్ని రాజు వేటకోసం ప్రత్యేకించి, కఠినమైన చట్టాలు పెట్టారు. ఆ అడవుల్లో జింకని కొడితే సామాన్యుడికి శిక్ష. దొరలకి మాత్రం వేట హోదా. ఆ హోదాకి తగ్గ భాషా తయారైంది, ఎన్నో ఫ్రెంచి మాటలతో. ఏ జంతువుల గుంపుని ఏమనాలో తెలిసి ఉండటం పెద్దింటి పెంపకానికి గుర్తు.

15వ శతాబ్దంలో ఈ పేర్ల జాబితాలు రాతప్రతులకెక్కాయి. అన్నిట్లోకీ పేరుపడ్డది 1486లో సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో అచ్చయిన ‘ది బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్’. డేగలతో వేట, అడవి వేట, వంశచిహ్నాలు అందులోని విషయాలు. వేట భాగం చివర డేమ్ జూలియానా బార్న్స్ అన్న పేరుంది. ఆమె ఒక మఠానికి పెద్ద అని తర్వాతి తరాలు చెప్పుకున్నాయిగానీ, దానికి గట్టి ఆధారమేదీ లేదు. ఆ పుస్తకంలోని గుంపుల పేర్ల జాబితాలో మాత్రం 160కి పైగా పేర్లున్నాయి.

అడవిపందుల సంగతే చూడండి. 12 ఉంటే ‘సౌండర్’. 16 ఉంటే మధ్యరకం సౌండర్. 20 ఉంటే పెద్ద సౌండర్. ముందు వెళ్లి చూసొచ్చినవాడు ఒక్క మాట చెబితే చాలు, ఎదురయ్యేది ఎంత పెద్ద గుంపో వేటగాళ్లకి తెలిసిపోతుంది. కౌజుపిట్టలకి వాడే ‘కవీ’ పొదగడమన్న అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఒక తల్లి పొదిగిన పిల్లలు ఆ తల్లితోనే కలిసి తిరుగుతాయి కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగులు పొద్దుగూకే వేళ వేలకొద్దీ చేరి చేసే సందడి విన్నవాడే ‘మర్మరేషన్’ అని ఉంటాడు. మన చీమల బారు, మిడతల దండు కూడా ఇలా కళ్లతో చూసినవాళ్లు పెట్టిన పేర్లే. నాకు ఇష్టమైనవి ఇవే.

ఆనాటి జాబితాల్లో అన్నీ ఇంత నిక్కమైనవి కావు. కాకులకి ‘మర్డర్’ అట! భరతపక్షులకి ‘ఎగ్జాల్టేషన్’, పాడుతూ ఆకాశానికెగిసే పిట్ట కాబట్టి ఆ పేరు బాగానే ఉంది. అక్కడితో ఆగకుండా మనుషుల్నీ చేర్చారు: న్యాయమూర్తుల గుంపు ‘సెంటెన్స్’, సన్యాసినుల గుంపు ‘సూపర్‌ఫ్లూయిటీ’, అంటే అవసరానికి మించినవాళ్లు. ఇవి ఏ వేటగాడి నోటా పుట్టినవి కావు. ఎవరో చమత్కారి కూర్చుని అల్లినవి.

1909లో జాన్ హాడ్జ్‌కిన్ అనే పండితుడు ఈ పాత జాబితాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. చాలా పేర్లు అసలు గుంపుకి పెట్టినవే కావని తేల్చాడు. కొన్ని ఆ ప్రాణి స్వభావాన్ని, కొన్ని దాని అరుపుని చెప్పే మాటలు. తర్వాత నకలు రాసుకున్నవాళ్లు అన్నిటినీ గుంపుల పేర్లుగానే తీసుకున్నారు. 1496లో ముద్రాపకుడు విన్‌కిన్ డి వర్డ్ సెయింట్ ఆల్బన్స్ పుస్తకాన్ని మళ్లీ అచ్చేశాడు. అక్కణ్ణించి ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కుతూ మన బడిదాకా వచ్చాయి.

చేపల ‘స్కూల్’కి మాత్రం బడితో చుట్టరికం లేదు, అది గుంపు అనే అర్థమున్న డచ్చి మాట. గుడ్లగూబల ‘పార్లమెంట్’ పాతదే అనుకుంటారుగానీ 1486 నాటి జాబితాలో అది లేదు. 1953లో సి.ఎస్. లూయిస్ తన పిల్లల నవల ‘ది సిల్వర్ చైర్’లో ఒక అధ్యాయానికి ఆ పేరు పెట్టాడు. 1968లో జేమ్స్ లిప్టన్ ‘యాన్ ఎగ్జాల్టేషన్ ఆఫ్ లార్క్స్’ అనే పుస్తకంలో పాతవాటి పక్కనే తాను కొత్తగా కల్పించినవీ చేర్చాడు. ఈనాటి క్విజ్ పుస్తకాల్లో ఏది వేటగాడిదో, ఏది రచయితదో చెప్పకుండా అన్నిటినీ ఒకే వరసలో అచ్చేస్తున్నారు.