ధ్వని ఉపమానం – కాంతి తరంగ సిద్ధాంతం: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: కాంతి ఒక తరంగమనే భావన ధ్వనిశాస్త్రం నుంచి ఉపమానంగా పుట్టింది. హైగెన్స్ మొదలుకొని యంగ్, ఫ్రెనెల్, డాప్లర్ల మీదుగా రామన్, నాగేంద్రనాథ్‌ల వరకు ఆ ఉపమానం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ విఫలమైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పోలిక కుదిరిన చోట్లనే కాక, కుదరని చోట్ల కూడా కాంతి స్వరూపం వెల్లడైందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధ్వని, కాంతి, తరంగం, ఉపమానం, వ్యతికరణం, ధ్రువణం, డాప్లర్ ఫలితం, అతిధ్వనులు.

1. ఉపోద్ఘాతం

మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ధ్వని ఒక అధ్యాయం, కాంతి మరొక అధ్యాయం. రెండింటికీ నడుమ తేడాల పట్టిక ఒకటి ఉంటుంది. ధ్వని అనుదైర్ఘ్య తరంగం, కాంతి తిర్యక్ తరంగం; ధ్వనికి యానకం కావాలి, కాంతికి అక్కరలేదు. విద్యార్థి ఈ పట్టికను పరీక్షకోసం కంఠస్థం చేస్తాడు. అయితే ఆ పట్టికలోని ఒక్కొక్క వరుస వెనుక దీర్ఘకాలపు వివాదం ఉంది. ఈ తేడాలను తెలుసుకోవడానికి ముందు శాస్త్రజ్ఞులు కాంతిని ధ్వనివంటిదేనని నమ్మవలసి వచ్చింది. ఆ నమ్మకం ఎంత ఫలవంతమైందో, ఎప్పుడు అడ్డుగా నిలిచిందో తెలియనప్పుడు పట్టిక నిర్జీవమైన సమాచారంగానే మిగులుతుంది.

2. పూర్వరంగం: నీటి అల, మద్దెల, కదంబపుష్పం

ధ్వనిని నీటి అలలతో పోల్చడం ప్రాచీనమైన ఆలోచన. క్రీ.పూ. మొదటి శతాబ్దికి చెందిన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రంగస్థల నిర్మాణాన్ని వివరిస్తూ కంఠధ్వని నీటిలోని వలయాలవలె వ్యాపిస్తుందన్నాడు. న్యాయ వైశేషికులు శబ్దప్రసారాన్ని వీచీతరంగ న్యాయంతోనూ, అన్ని దిక్కులకూ ఒకేసారి విచ్చుకునే కదంబ ముకుళ న్యాయంతోనూ వివరించారు. తర్కసంగ్రహ కర్తయైన అన్నంభట్టు తన దీపికలో శబ్దాన్ని మూడు విధాలుగా విభజించాడు. భేరీదండాల సంయోగం వల్ల పుట్టేది ఒకటి, వెదురు చీలినప్పుడు విభాగం వల్ల పుట్టేది రెండవది, భేరి నుంచి చెవి వరకు శబ్దం నుంచి శబ్దంగా పుట్టుకుంటూ వచ్చేది మూడవది.

దీనిని ఆధునిక తరంగ సిద్ధాంతంగా భావించడం పొరపాటు. అందులో తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం వంటి పరిమాణాలు లేవు. గమనించవలసిన అంశం వేరొకటి. ఈ దర్శనంలో శబ్దం ఆకాశానికి గుణం, కాంతి తేజస్సనే ద్రవ్యానికి చెందినది. రెండూ భిన్న పదార్థ వర్గాలు. కాబట్టి శబ్దానికి చెప్పిన వీచీతరంగ న్యాయాన్ని కాంతికి వర్తింపజేయవలసిన అవసరం ఆ వ్యవస్థలో కలగలేదు. ఆ అడుగు పదిహేడవ శతాబ్ది ఐరోపాలో పడింది.

3. హైగెన్స్ పోలిక, న్యూటన్ ఆక్షేపణ

1660లో రాబర్ట్ బాయిల్ గాలి తీసివేసిన పాత్రలో గడియారపు చప్పుడు వినిపించకపోవడాన్ని వర్ణించాడు. చప్పుడు ఆగినా గడియారం కనిపిస్తూనే ఉంది. 1676లో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహ గ్రహణాల ఆధారంగా కాంతి ప్రయాణానికి కొంత కాలం పడుతుందని చూపాడు. క్రిస్టియాన్ హైగెన్స్ 1690లో ప్రచురించిన కాంతి గ్రంథంలో ఈ రెండింటినీ జోడించాడు. కాలం తీసుకుని వ్యాపించేది ధ్వనివలె తరంగాలుగా వ్యాపించవచ్చునని ఊహించాడు. గాలి లేనిచోట కూడా కాంతి సాగుతున్నది గనుక దాని యానకం గాలి కాదనీ, అంతకన్న సూక్ష్మమైన ఈథర్ అనీ నిర్ణయించాడు. కాంతి వేగం ధ్వని వేగానికి ఆరు లక్షల రెట్లకు పైగా ఉంటుందని లెక్కించాడు. నేటి విలువల ప్రకారం అది సుమారు 8,80,000 రెట్లు.

న్యూటన్ ఆక్షేపణ సూటియైనది. కొండకు అవతల మోగే గంట మనకు వినిపిస్తుంది, కాని గంట కనిపించదు. కాంతి కూడా ధ్వనివంటి తరంగమైతే నీడలోకి ఎందుకు వంగదు? దీనికి ఆనాడు తృప్తికరమైన సమాధానం లేదు, ఎందుకంటే హైగెన్స్ ఊహించినవి నియతమైన ఆవర్తనం లేని స్పందనలు. సమాధానం తరంగదైర్ఘ్యంలో ఉంది. మనకు వినిపించే ధ్వనుల తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 17 మీటర్ల నుంచి 17 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. దృశ్య కాంతిది 400 నుంచి 700 నానోమీటర్లు. తలుపులు, గోడలు ధ్వని తరంగాలతో పోల్చదగిన పరిమాణం గలవి, కాంతి తరంగాల ముందు అవి అపారమైనవి. తేడా స్వభావంలో కాదు, పరిమాణంలో ఉంది. ఈ మాట చెప్పగలగడానికి ఒక శతాబ్దికి పైగా పట్టింది.

4. యంగ్: శ్రుతి నుంచి వ్యతికరణానికి

వైద్యుడైన థామస్ యంగ్ మానవ కంఠధ్వనిని అధ్యయనం చేసి, అక్కడినుంచి కాంతి వైపు మళ్ళాడు. 1800లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడిన ఆయన వ్యాసపు శీర్షికలోనే ధ్వని, కాంతి పక్కపక్కన ఉన్నాయి. తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగల స్వరాలు దాదాపు కలిసినా పూర్తిగా కలవనప్పుడు నాదం హెచ్చుతూ తగ్గుతూ వినిపించడం మనకు అనుభవమే. వీటినే విస్పందనాలంటాం. రెండు ధ్వనులు కలిసి ఒకానొక క్షణంలో నిశ్శబ్దానికి చేరువ కాగలిగినప్పుడు, రెండు కాంతులు కలిసి చీకటిని ఎందుకు పుట్టించలేవు?

1801 నవంబరులో చేసిన ఉపన్యాసంలో యంగ్ ఈ సూత్రాన్ని కాంతికి వర్తింపజేశాడు. పలుచని పొరల రంగులపై న్యూటన్ స్వయంగా చేసిన కొలతలనుంచే ఆయన తరంగదైర్ఘ్యాలను గణించడం విశేషం. ఎరుపు చివర సుమారు 675 నానోమీటర్లు, ఊదా చివర సుమారు 425 నానోమీటర్లకు సమానమైన విలువలు ఆయనకు లభించాయి. నేటి విలువలకు ఇవి చాలా దగ్గర. ఈ విధంగా న్యూటన్ దత్తాంశమే న్యూటన్ ఆక్షేపణకు సమాధానమైంది.

5. ధ్రువణం: ఉపమానం విరిగిన చోటు

ఐస్‌లాండ్ స్ఫటికంలో ఒక కిరణం రెండుగా చీలుతుంది. ఆ రెండు కిరణాలు మరొక స్ఫటికం గుండా వెళ్ళినప్పుడు, దానిని తిప్పిన కోణాన్నిబట్టి భిన్నంగా ప్రవర్తిస్తాయి. ఈ దృగ్విషయాన్ని గమనించిన హైగెన్స్ దానికి తృప్తికరమైన వివరణ తనకు దొరకలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. 1808లో మాల్యూస్ పరావర్తనం చెందిన కాంతిలో కూడా ఇదే లక్షణాన్ని కనుగొన్నాడు. గాలిలోని ధ్వని ప్రయాణదిశలోనే ముందుకూ వెనుకకూ కంపిస్తుంది, దానికి పక్క అనేది లేదు. కాంతికి మాత్రం పక్కలున్నట్లు కనిపించింది.

లంబదిశలలో ధ్రువణం చెందిన రెండు కిరణాలు వ్యతికరణ పట్టీలనివ్వవని ఫ్రెనెల్, అరాగోలు ప్రయోగపూర్వకంగా చూపారు. ధ్వనితో పోలికను పట్టుకుని ఉంటే ఇది వివరణకు అందదు. కాంతి కంపనాలు ప్రయాణదిశకు లంబంగా ఉండవచ్చునని యంగ్ 1817లో సూచించగా, ఫ్రెనెల్ 1821లో కాంతిని పూర్తిగా తిర్యక్ తరంగంగా ప్రతిపాదించాడు. యంగ్ దీనికి తాడు కంపనాన్ని పోలికగా తీసుకున్నాడు. అంటే గాలిలోని ధ్వని ఉపమానం విఫలమైనప్పుడు దాని స్థానాన్ని ఆక్రమించింది వీణ తీగవలె అడ్డంగా కదిలే త్రాటి ఉపమానం.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. ద్రవ, వాయువుల లోపల తిర్యక్ తరంగాలు సాగవు, అందుకు ఘనపదార్థపు దృఢత్వం కావాలి. కాబట్టి గ్రహాల గమనాన్ని ఏమాత్రం అడ్డుకోని ఈథర్ ఉక్కువంటి దృఢత్వం కలిగి ఉండవలసి వచ్చింది. మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సిద్ధాంతం, 1887 నాటి మైకెల్‌సన్, మోర్లీల ప్రయోగం, 1905లో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం తరువాత ఈథర్ అవసరమే తొలగిపోయింది. యానకం ధ్వని ఉపమానం మిగిల్చిన చివరి అవశేషం.

6. డాప్లర్: తప్పు నిర్ణయం, సరియైన సూత్రం

1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రాగ్‌లో జంట నక్షత్రాల రంగులపై వ్యాసం సమర్పించాడు. నక్షత్రం మనవైపు వస్తే దాని కాంతి పౌనఃపున్యం పెరుగుతుందనీ, దూరమైతే తగ్గుతుందనీ సూత్రీకరించాడు. సూత్రం సరియైనదే. నక్షత్రాల రంగులకు అదే కారణమన్న నిర్ణయం మాత్రం తప్పు, ఆ రంగులు ప్రధానంగా ఉష్ణోగ్రతను బట్టి ఏర్పడతాయి.

పరీక్ష జరిగింది కాంతిపై కాదు, ధ్వనిపై. 1845లో డచ్ శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ ఊట్రెక్ట్ సమీపంలో రైలుపై వాద్యకారులను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం గలవారిని నిలిపి స్వరభేదాన్ని నిర్ధారించాడు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చే రైలుపై మోగే స్వరం సుమారు అర్ధస్వరం హెచ్చుగా వినిపిస్తుంది. అదే వేగానికి కాంతిలో మార్పు దాదాపు కోటిన్నరలో ఒక వంతు. అందుకే 1848లో ఫిజో రంగును కాక వర్ణపట రేఖల స్థానభ్రంశాన్ని కొలవాలని సూచించాడు. 1868లో హగ్గిన్స్ సిరియస్ నక్షత్రంపై ఆ పద్ధతిని ప్రయోగించాడు.

ఇక్కడ కూడా ఉపమానానికి హద్దు ఉంది. ధ్వనిలో జనకం కదలడానికీ, శ్రోత కదలడానికీ సూత్రాలు వేరు, గాలి సాక్షిగా ఉండటమే ఇందుకు కారణం. శూన్యంలో కాంతికి సాపేక్ష వేగమొక్కటే లెక్క. యానకం లేదన్న సత్యం సమీకరణంలోనే కనిపిస్తుంది.

7. రామన్, నాగేంద్రనాథ్: ధ్వనే గ్రేటింగుగా

సి.వి. రామన్ కలకత్తాలో తొలినాళ్ళలో చేసిన కృషిలో అధికభాగం ధ్వనికి సంబంధించినది. వయొలిన్ తీగల కంపనాలనూ, మృదంగం నల్లని కరణ వల్ల అనుస్వరాలు సంగీతానుకూలం కావడాన్నీ ఆయన వివరించాడు. 1928 ఫిబ్రవరి 28న ప్రకటితమైన రామన్ ఫలితంలో కూడా అణువుల కంపనమే కాంతి పౌనఃపున్యాన్ని మారుస్తుంది.

ధ్వని, కాంతి కేవలం పోలికగా కాక ఒకే పాత్రలో కలుసుకున్నది 1932లో. డిబై, సియర్స్ అమెరికాలోనూ, ల్యూకాస్, బికార్ ఫ్రాన్స్‌లోనూ అతిధ్వనులు సాగుతున్న ద్రవం గుండా కాంతిని పంపి వివర్తనాన్ని చూశారు. ధ్వని తరంగంలోని సంపీడన, విరళీకరణాలు ద్రవపు వక్రీభవన గుణకాన్ని క్రమావర్తనంగా మారుస్తాయి. ఉదాహరణకు సెకనుకు కోటి కంపనాల అతిధ్వని నీటిలో సుమారు 0.15 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం కలిగి ఉంటుంది. సోడియం కాంతి దానివల్ల మొదటి క్రమంలో సుమారు 0.23 డిగ్రీలు వంగుతుంది. అయితే అనేక క్రమాలు ఎందుకు కనిపిస్తున్నాయో, వాటి తీవ్రతలు ఎందుకు హెచ్చుతగ్గులవుతున్నాయో స్పష్టం కాలేదు.

బెంగుళూరులో రామన్, ఎన్.ఎస్. నాగేంద్రనాథ్ 1935, 1936లలో వరుస వ్యాసాలతో దీనిని పరిష్కరించారు. ధ్వని తరంగం కాంతిని అడ్డుకోదు, కాంతి దశను మాత్రమే చోటుచోటుకూ మారుస్తుంది. సమతలంగా లోపలికి వెళ్ళిన కాంతి తరంగాగ్రం ముడుతలు పడి బయటికి వస్తుంది. ఆ ముడుతలనుంచి వివిధ క్రమాల తీవ్రతలు బెస్సెల్ ప్రమేయాల వర్గాలుగా లభిస్తాయి. ముందుకు సాగే ధ్వని తరంగమైతే ప్రతి క్రమంలోనూ కాంతి పౌనఃపున్యం ధ్వని పౌనఃపున్యపు గుణిజాల మేరకు మారుతుంది. డాప్లర్ ఫలితం ఇక్కడ మరొక రూపంలో తిరిగి వచ్చింది.

ఈ కృషికి తెలుగునాట కొనసాగింపు ఉంది. రామన్ శిష్యుడైన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తన శిష్యులతో కలిసి అతిధ్వనుల సహాయంతో స్ఫటికాల స్థితిస్థాపక స్థిరాంకాలను నిర్ణయించే పరిశోధనలు నడిపాడు. కాంతి స్వరూపాన్ని తెలుసుకోవడానికి ఒకప్పుడు ఉపమానమైన ధ్వని, ఈ దశలో పదార్థ స్వరూపాన్ని తెలుసుకునే సాధనమైంది.

8. ముగింపు

పై పరిశీలనను బట్టి, ఉపమానం ఒక సమాధానం కాదు, ప్రశ్నలను పుట్టించే పద్ధతి అని తెలుస్తుంది. వ్యతికరణంలో పోలిక కుదిరింది, తరంగదైర్ఘ్యం లభించింది. ధ్రువణంలో కుదరలేదు, తిర్యక్ స్వభావం బయటపడింది. యానకం విషయంలో కుదరలేదు, సాపేక్షతా సిద్ధాంతానికి దారి ఏర్పడింది.

తరగతి గదిలో తేడాల పట్టికను తొలగించనక్కరలేదు. ప్రతి వరుసకూ ఎదురుగా మరొక గడి చేర్చి, ఆ తేడాను ఏ ప్రశ్న లేవనెత్తిందో, ఏ ప్రయోగం తేల్చిందో రాయిస్తే చాలు. కొండ అవతలి గంట వినిపించి ఎందుకు కనిపించదన్న ప్రశ్నతో పాఠం మొదలుపెట్టిన అధ్యాపకుడు విద్యార్థిని న్యూటన్ నిలిచిన చోటనే నిలుపుతాడు. అక్కడినుంచి సమాధానం వైపు నడవడమే భౌతికశాస్త్రం నేర్చుకోవడం.