వాహనాల నల్ల అద్దాలపై చట్టపరమైన పరిమితులు: నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

కీలక పదాలు: మోటారు వాహనాల చట్టం, నిబంధన 100, నల్ల ఫిల్మ్, ఫ్యాక్షన్, రాయలసీమ, నంద్యాల, ఆళ్లగడ్డ.

ఉపోద్ఘాతం

కర్నూలు నుంచి చిత్తూరు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా సాగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ ఈ ప్రాంతానికి కొత్త కాదు. వర్గకక్షల జ్ఞాపకమూ కొత్త కాదు. కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడానికి ఇక్కడ ఎండ, భయం అనే రెండు కారణాలను చెప్పుకోవచ్చు. ఈ రెండు కారణాలకు చట్టం ఇచ్చిన సమాధానం ఎట్లా మారుతూ వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. కాంతికి కొలత

1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద రూపొందిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989 జూలై 1న అమల్లోకి వచ్చాయి. వాటిలోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం కాంతి ప్రసరించాలి. బ్రిటన్ నియమాలు ముందు అద్దానికి, ముందు వరుస పక్క అద్దాలకు మాత్రమే హద్దు పెట్టి, వెనుక అద్దాలను వదిలివేశాయి. అక్కడి చింత డ్రైవరు చూపు గురించి. భారతీయ నిబంధన వెనుక సీటును కూడా తన పరిధిలోకి తెచ్చుకున్నది. లోపలివారికి రోడ్డు కనిపించడంతో పాటు రోడ్డు మీది వారికి లోపలి మనిషి కనిపించడం కూడా దాని ఫలితమే.

2. కొలత నుంచి నిషేధానికి

నిబంధన ఉన్నా అమలు కష్టమైంది. 50 శాతం కాంతిని కానిస్టేబులు కంటితో కొలవలేడు. ఈ స్థితిని అవిషేక్ గోయెంకా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఇచ్చిన తీర్పు మార్చింది. అద్దం నిర్దేశిత స్థితిలో ఉండడమే గాక ఆ స్థితిలోనే కొనసాగాలన్న నిబంధనలోని మాటను ఆధారం చేసుకొని, తయారీ తరువాత ఏ శాతపు ఫిల్మ్ అంటించినా చెల్లదని ధర్మాసనం తేల్చింది. మే 4 నుంచి అమలు చేయాలని ఆదేశించింది. ఫిల్మ్ తయారీదారులు, విక్రేతల అభ్యంతరాలను ఆగస్టు 3న తోసిపుచ్చింది. హద్దుకు లోబడి కర్మాగారంలోనే రంగు కలిపిన అద్దాలకు మాత్రం అడ్డు లేదు. కొలత ప్రశ్న ఆ విధంగా ఫిల్మ్ ఉన్నదా లేదా అనే ప్రశ్నగా మారింది. దానికి జవాబు చెప్పడానికి పరికరం అక్కరలేదు.

అదే ఏడాది డిసెంబరు 16న ఢిల్లీలో కదులుతున్న బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం ఈ ప్రశ్నను దేశం ముందు నిలిపింది. ఆ బస్సుకు నల్ల అద్దాలు, తెరలు ఉన్న సంగతి విస్తృతంగా చర్చకు వచ్చింది.

3. కనిపించకుండా ఉండే అధికారం

రాయలసీమ ఫ్యాక్షన్‌ను వ్యక్తిగత పగగా గాక గ్రామాధిపత్య రాజకీయంగా చూసిన విశ్లేషకుల్లో కె. బాలగోపాల్ ముఖ్యులు. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తరువాతి సినిమాలు సుమోల వరుసను ఆ ఆధిపత్యానికి చిహ్నంగా స్థిరపరచాయి. ఇటువంటి చోట నల్ల అద్దానికి రెండు ముఖాలున్నాయి. ప్రాణభయం ఉన్నవానికి అది మరుగు. రోడ్డు పక్కన నిలబడినవానికి అది బెదిరింపు. లోపల ఎందరున్నారో, ఏం పట్టుకొని ఉన్నారో తెలియదు.

న్యాయస్థానం భయాన్ని కాదనలేదు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారి అధికారిక వాహనాలకు మినహాయింపు ఇచ్చే విషయాన్ని పోలీసు ఉన్నతాధికారి, హోం కార్యదర్శి ఉన్న కమిటీకి అప్పగించింది. ఫిల్మ్ కొనగలిగిన ప్రతివాడూ తానే తీసుకుంటున్న మరుగును, కారణం చూపి రాజ్యం నుంచి పొందవలసిన అనుమతిగా మార్చింది. అయితే శ్రేణీకృత భద్రత పొందలేని సామాన్యుని భయానికి ఇందులో చోటు లేదు.

ఈ దారిలో ప్రమాదం ప్రత్యర్థి వల్లనే రాదు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ సమీపంలో శాసనసభ్యురాలు శోభా నాగిరెడ్డి వాహనం బోల్తా పడింది. మరునాడు ఆమె మరణించారు. రోడ్డు మీది ధాన్యం కుప్పను తప్పించబోగా ప్రమాదం జరిగిందని నాటి వార్తలు తెలిపాయి. అందులో అద్దాల ప్రసక్తి లేదు. కానీ రాత్రివేళ ఈ రోడ్ల మీద డ్రైవరు చూపు ఎంత విలువైనదో ఆ ఘటన చెబుతుంది.

4. ఎండ వాదం, 2021 మార్పు

సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. అందువల్ల అద్దం ఎంత నల్లగా ఉంటే లోపల అంత చల్లగా ఉంటుందన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. వెలుతురును రానిస్తూ వేడిని అడ్డే పారదర్శక ఫిల్మ్‌లు ఉన్నాయి. 2012 నిషేధం వాటికీ వర్తించింది. ఎండ వాదానికి నిజమైన బలం ఇక్కడ ఉన్నది.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, లోపలి వైపు ప్లాస్టిక్ పొర గల అద్దాలకు కూడా చోటిచ్చింది. దాని ఆధారంగా, 70, 50 శాతాల హద్దు పాటించే ఫిల్మ్‌కు జరిమానా వేయరాదని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దానికి కట్టుబడి ఉండనక్కరలేదు.

ముగింపు

కొలతతో మొదలై నిషేధానికి చేరిన చట్టం మళ్లీ కొలత వైపు చూస్తున్నది. నంద్యాల ఎండకు ఈ మలుపు మేలే. కానీ కొలిచే పరికరం లేని తనిఖీలో 50 శాతానికీ 20 శాతానికీ తేడాను వాహన యజమాని పలుకుబడే నిర్ణయించే ప్రమాదం ఉన్నది. వర్గబలం రోడ్డెక్కిన చరిత్ర గల సీమలో ఆ ప్రమాదం చిన్నది కాదు. కొలతను తిరిగి తేవాలంటే కొలిచే సాధనాన్ని ముందుగా కానిస్టేబులు చేతికి ఇవ్వవలసి ఉంటుంది.